నెల్లూరు తమ్ముడికి గేమింగ్ పీసీ: రిచీ స్ట్రీట్ కొటేషన్ చూసి చెప్పండి

పెరుంగుడి అక్క:

నమస్తే అండి. మాది నెల్లూరు. నేను చెన్నైలో పెరుంగుడిలో ఉద్యోగం చేస్తున్నా. బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్న మా తమ్ముడికి అసెంబుల్డ్ పీసీ కొనివ్వాలి. బడ్జెట్ లక్ష. మానిటర్ ఉంది: 24 అంగుళాలు, 1080పీ, 144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మారుస్తుంది).

ఈ లక్షలో 38 వేలు వాడివే. ఊళ్లో ఒక ఫొటో స్టూడియోకి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి రెండేళ్లలో కూడబెట్టాడు. అదంతా నాన్న ఇచ్చిన పాత లాప్‌టాప్ మీదే. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశా. లాప్‌టాప్ కింద అటొకటి ఇటొకటి అగ్గిపెట్టెలు పెట్టి, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టుకుని కూర్చుంటాడు. తలంబ్రాల దగ్గర టైమ్‌లైన్ జరిపితే బొమ్మ నాలుగైదు సెకన్లు ఆగిపోయి, అప్పుడు కదులుతుంది. వాడు విసుక్కోడు. ఆ కాసేపూ మౌస్ మీద చెయ్యి తీయకుండా అలాగే చూస్తూ ఉంటాడు. పని అయ్యాక రాత్రిపూట స్నేహితులతో వాలొరెంట్ ఆడతాడు. సైబర్‌పంక్ 2077 ఆడాలని ఎప్పటినుంచో కోరిక. వాడి కష్టంలో ఒక్క రూపాయి కూడా వృథా పోకూడదని నా తాపత్రయం.

పోయిన శనివారం పెరుంగుడిలో రైలెక్కి చింతాద్రిపేటలో దిగి, కంప్యూటర్ విడిభాగాలు అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్లా. ఒక షాపులో ఇచ్చిన కొటేషన్ ఇది: కోర్ ఐ7 12700ఎఫ్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డ్, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, 500 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (అన్ని భాగాలకీ కరెంటు అందించే డబ్బా), ముందూ పక్కా గాజు ఉన్న క్యాబినెట్, ఆరు రంగుల ఫ్యాన్లు. మొత్తం 83,500. ఇంకో పది వేలు వేసుకుంటే వాటర్ కూలర్ కూడా పెడతామన్నారు.

"ఐ7 వేశాం మేడమ్, ఐదేళ్లు తిరిగి చూడక్కర్లేదు" అన్నారు. ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీది అని అడిగితే "మంచిదే, మేం అందరికీ వేసేది అదే" అన్నారు. మిగతా వాటన్నిటికీ పేరు రాసి, దానికి మాత్రం వాట్లు ఒక్కటే రాశారు. అక్కడ నాకు అనుమానం తగిలింది. అడ్వాన్స్ ఇవ్వకుండా వచ్చేశా.

ఐ7 అవసరమా? గ్రాఫిక్స్ కార్డ్ సరిపోతుందా? ఇంకో సంగతి, ఇక్కడే బిగించి రైల్లో నెల్లూరు తీసుకెళ్లాలి. ఎండాకాలం అక్కడ కరెంటు పోయి వస్తూ ఉంటుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

సాలిగ్రామం ఎడిటర్:

అమ్మా, మాది తెనాలి. సాలిగ్రామంలో 14 ఏళ్లుగా ఎడిటింగ్ చేస్తున్నా. మీకు అనుమానం రావాల్సిన చోటే వచ్చింది. ముందు దాని గురించే చెబుతా.

ఆరేళ్ల కిందట నా సిస్టమ్‌లోనూ అలాంటి పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్సే ఉండేది. స్టిక్కర్ మీద 500 వాట్లు. మే నెల మధ్యాహ్నం ఒక సీమంతం వీడియో రెండర్‌కి పెట్టి భోంచేస్తున్నా. కరెంటు పోయి వచ్చింది. టప్ మని చిన్న చప్పుడు, వెనకే మాడిన చేప వాసన. అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ రెండు హార్డ్ డిస్కులనీ తీసుకుపోయింది. ఫుటేజ్ ఆ డిస్కులోనే ఉంది, రెండో కాపీ లేదు. ఆ అమ్మాయి వాళ్లమ్మకి నేనే ఫోన్ చేసి చెప్పా. ఆవిడ తిట్టలేదు. "మా అత్తగారు ఉన్నారు కదయ్యా అందులో" అంది. ఆ పెద్దావిడ అప్పటికి పోయి నెలైంది.

తర్వాత ఆ కాలిన డబ్బా స్టిక్కర్ కూర్చుని చదివా. +12V ఎదురుగా 16 ఆంపియర్లు అని ఉంది. 12తో గుణిస్తే 192 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ బతికేది ఆ 12 వోల్టుల మీదే. మిగతాదంతా ఈ రోజుల్లో పెద్దగా పనికిరాని లైన్ల లెక్క కలిపి రాసిన 500. మంచి 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ మీద అదే చోట 54 ఆంపియర్లు అని ఉంటుంది, గుణించి చూడండి, 648 వస్తుంది. షాపులో డబ్బా తిప్పి ఈ లెక్క వేశాకే డబ్బు తీయండి. 80 ప్లస్ బ్రాంజ్ అన్నది కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే ముద్ర. అది ఉండాలి, కానీ అదొక్కటే చూసి కొనొద్దు. పేరున్న కంపెనీది, వారంటీ ఐదేళ్లకు తగ్గనిది తీసుకోండి.

ఇక ఐ7. 12700ఎఫ్ మంచి ప్రాసెసరే, 12 కోర్లు. కానీ గట్టిగా పని పడితే 180 వాట్ల దాకా లాగుతుంది. చవక హెచ్610 బోర్డుల్లో ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం బలహీనం, చాలావాటికి దాని మీద హీట్‌సింక్ కూడా ఉండదు. వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది. ఇచ్చిన డబ్బుకి పని రాదు. పైగా ఆ బోర్డులో ర్యామ్ స్లాట్లు రెండే.

3050 పేరుతో రెండు కార్డులున్నాయి. 8 జీబీ దాంట్లో 2560 కోర్లు, 128 బిట్ బస్ (మెమొరీకి వెళ్లే దారి వెడల్పు). మీకు రాసిచ్చిన 6 జీబీ దాంట్లో 2304 కోర్లు, 96 బిట్. తగ్గింది మెమొరీ ఒక్కటే కాదు. సైబర్‌పంక్ లాంటి గేమ్‌లో పని అంతా కార్డుదే. వాలొరెంట్‌కి ప్రాసెసర్ ముఖ్యం, అయినా మీ 144 హెర్ట్జ్ మానిటర్‌కి ఐ5 బోలెడు.

కాబట్టి ఐ7లో మిగిలిన డబ్బు, ఆరు ఫ్యాన్ల డబ్బు, వాటర్ కూలర్ డబ్బు అన్నీ కార్డు మీద పెట్టండి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ 16 జీబీ తీసుకోండి. అదే పేరుతో 8 జీబీది కూడా అమ్ముతున్నారు, పెట్టె మీద 16 చూసుకోండి. దీనికి ఇంకో కారణం ఉంది. పెళ్లిళ్లు తీసే కెమెరాలు చాలావరకు ఇప్పుడు 10 బిట్ 4:2:2లో రికార్డు చేస్తున్నాయి. అది మామూలు వీడియో కంటే రంగుల సమాచారం ఎక్కువ మోస్తుంది, ఆగకుండా విప్పడానికి విడిగా హార్డ్‌వేర్ కావాలి. తమ్ముడి లాప్‌టాప్ తలంబ్రాల దగ్గర ఆగేది బహుశా ఇందుకే. ఎన్‌విడియాలో 50 సిరీస్ నుంచే దీన్ని కార్డు విప్పుతోంది.

ప్రాసెసర్ ఐ5 12400 చాలు. చివర ఎఫ్ లేనిది అడగండి. ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. రేపు కార్డు సర్వీసుకు వెళ్లి నెల రాకపోతే ఎఫ్ లేనిదాంతో పెళ్లి వీడియో డెలివరీ ఆగదు, హెచ్.265లో (వీడియోని కుదించే ఒక పద్ధతి) తీసిన 4:2:2ని అది కూడా విప్పుతుంది. నాలుగు స్లాట్ల బీ760 బోర్డు, డీడీఆర్4 రకం ర్యామ్ పట్టేది, 8 జీబీ స్టిక్కులు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. క్యాబినెట్‌కి ముందు గాజు వద్దు, జాలీ ఉండాలి. నెల్లూరు ఎండలో గాజు వెనక ఎన్ని ఫ్యాన్లు తిరిగినా పీల్చుకోవడానికి గాలేదీ?

వేలచ్చేరి కుర్రాడు:

అక్కా, ఎస్‌ఎంపీఎస్ విషయంలో అన్నగారితో నూటికి నూరు ఏకీభవిస్తా. ప్రాసెసర్ దగ్గర మాత్రం కాదు. 12400 పెట్టే సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) దారి ఇంటెల్ 14వ తరంతో మూసుకుపోయింది. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా కొనసాగిస్తామని కంపెనీయే చెప్పింది. ఇవాళ ఏఎండీ రైజెన్ 5 7600 ప్రాసెసర్ వేస్తే, మూడేళ్ల తర్వాత బోర్డు మార్చకుండా పైది పెట్టుకోవచ్చు. నేను హాస్టల్ రూమ్‌లో 2023 నుంచి అదే వాడుతున్నా. దాంతో వచ్చిన కూలరే ఇప్పటికీ ఉంది, ఒక్కరోజు ఇబ్బంది పెట్టలేదు. తమ్ముడి వయసుకి అప్‌గ్రేడ్ దారి ఉండాలి.

సాలిగ్రామం ఎడిటర్:

బాబూ, డబ్బు రెండు లక్షలుంటే నేనూ అదే చెప్పేవాణ్ని. ఏఎం5కి డీడీఆర్5 ర్యామ్ తప్ప వేరేది పట్టదు. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఎలా మండుతున్నాయో నువ్వూ చూస్తున్నావు. బోర్డు మీదా ర్యామ్ మీదా పెరిగే ఖర్చు ఎక్కడో కోయాలి, కోత కార్డు మీదో ఎస్‌ఎంపీఎస్ మీదో పడుతుంది. 7600 లోపలి గ్రాఫిక్స్‌కి 4:2:2 రాదు కూడా. ఉత్త గేమింగ్‌కే అయితే నీ మాటే సరి.

గూడూరు పెద్దాయన:

అమ్మాయ్, రైలు ప్రయాణం గురించి. మా అబ్బాయి పీసీ ఇలాగే చెన్నై నుంచి తెచ్చాం. గ్రాఫిక్స్ కార్డు విప్పి దాని పెట్టెలో పెట్టుకుని చేతి సంచిలో తీసుకురండి. కిలో బరువు ఒక్క స్లాట్‌కి వేలాడుతుంటుంది, పట్టాల అదురుకి స్లాట్ విరగొచ్చు. క్యాబినెట్‌ని అది వచ్చిన థర్మాకోల్‌తోనే కట్టి, బెర్తు కింద పడుకోబెట్టండి, బోర్డు నేలవైపు ఉండేలా.

ఇన్వర్టర్‌కి వెనక యూపీఎస్, నార్మల్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టండి, కరెంటు పోయినప్పుడు త్వరగా మారుతుంది. విడిగా యూపీఎస్ కొంటే 600 వీఏ వద్దు. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, చాలావాటికి 360 వాట్లే. మీరు అనుకునే కార్డే 180 లాగుతుంది. గేమ్ మధ్యలో కీచుమని ఆగిపోతుంది. 1000 వీఏ పైన చూడండి.

పెరుంగుడి అక్క:

రెండు వారాలయింది. అందరికీ నమస్కారం, ఏం జరిగిందో చెబుతా.

ఎడిటర్ అన్నగారు చెప్పిన లిస్టే తీసుకున్నా. వేలచ్చేరి తమ్ముడూ, నీ మాట మా వాడికి బాగా నచ్చింది. కానీ ఏఎం5కి వెళితే 16 జీబీ కార్డు వదులుకోవాల్సి వచ్చేది, అందుకే ఏఎం5 వద్దని వాడే అన్నాడు. ఈసారి వేరే షాపుకి వెళ్లా. కౌంటర్ మీద నాలుగు ఎస్‌ఎంపీఎస్ డబ్బాలు తిప్పి చూశా. ఒకదాని మీద 650 అని పెద్దక్షరాల్లో ఉంది, 12 వోల్టుల దగ్గర లెక్క 400 కూడా దాటలేదు. షాపాయన ఏమీ అనలేదు, లోపలికెళ్లి 54 ఆంపియర్లది తెచ్చిచ్చారు. ప్రతి వస్తువు సీరియల్ నంబరూ జీఎస్‌టీ బిల్లు మీద రాయించుకున్నా.

తమ్ముడు శుక్రవారం రాత్రి వచ్చాడు. శనివారం నా గదిలో నేల మీద దుప్పటి పరిచి ఇద్దరం బిగించాం. ప్రాసెసర్ లివర్ కిందికి నొక్కుతుంటే కరకరమని చప్పుడు వచ్చింది, నాకు గుండె జారింది. వాడు "అది అలాగే వస్తుందక్కా, వంద వీడియోల్లో విన్నా" అన్నాడు. సాయంత్రం ఆరింటికి స్క్రీన్ మీద వెలుగు వచ్చింది.

సైబర్‌పంక్ మాత్రం మొదటి గంట నత్తలా నడిచింది. కార్డు పాడైందేమో అని ఒకటే టెన్షన్. బిల్లు తీసి షాపుకి ఫోన్ చేయబోతుంటే వాడు క్యాబినెట్ వెనక్కి టార్చ్ వేసి చూశాడు. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి పెట్టి ఉంది. ఎఫ్ లేని ప్రాసెసర్ కదా, లోపలి గ్రాఫిక్స్‌తో బొమ్మ వచ్చేస్తుంది, తప్పు బయటపడదు. ఎఫ్ లేనిది కొనేవాళ్లు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, కేబుల్ కింది వైపున్న కార్డుకే పెట్టాలి. తర్వాత విండోస్‌లో చూస్తే మానిటర్ 60 హెర్ట్జ్ దగ్గరే ఉంది, 144కి మేమే మార్చాం.

గేమ్ బాగా నడిచింది. కానీ వాడు అరగంట ఆడి ఆపేసి పెన్‌డ్రైవ్ తీశాడు. అందులో ఆ పెళ్లి ఫుటేజ్ తెచ్చుకున్నాడు. తలంబ్రాల దగ్గర టైమ్‌లైన్ అటూ ఇటూ జరిపాడు. బొమ్మ వేలితో పాటే కదిలింది. వెనక్కి, ముందుకి, మళ్లీ వెనక్కి, పదిసార్లు జరిపి ఉంటాడు.

ఎడిటర్ అన్నగారూ, మీ ఫుటేజ్ సంగతి వాడికి చదివి వినిపించా. పెళ్లి డేటాకి రెండో కాపీ పెట్టుకోవడానికి మిగిలిన డబ్బుతో 2 టీబీ బయటి హార్డ్ డిస్క్ కొన్నాం.

రేపు పినాకిని ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు. కార్డు విప్పి పెట్టెలో పెట్టేశాం, అది వాడి ఒళ్లోనే వస్తుంది. నాన్న స్టేషన్‌కి ఆటో తీసుకొస్తామన్నారు.