పాత నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో తల్లీబిడ్డల ఆరోగ్య అసమానతలు: కొత్త సర్వే కావాలా, ఉన్న రిజిస్టర్లు చాలా?

మూసీ కాల్వ:
గర్భిణులు, బాలింతలు, పసికందుల ఆరోగ్యంలో ఏ వర్గానికి ఎంత తక్కువ అందుతోందో మన రెండు పాత జిల్లాల్లో తేల్చాలంటే కొత్తగా ఇంటింటి సర్వే చేయాలని కొందరు అంటున్నారు. అక్కర్లేదని నా వాదన. ఆ డబ్బు, ఆ మనుషులను రిజిస్టర్లు బాగుచేయడం మీద పెట్టాలి.

సర్వే ఏం చెప్పగలదో ముందు చూడండి. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత) మన రాష్ట్రంలో 2019లో జరిగింది. 31 జిల్లాల్లో 27 వేల పైచిలుకు ఇళ్లు, అంటే జిల్లాకు తొమ్మిది వందల లోపు. వాటిలో గత ఐదేళ్ల కాన్పులు రెండు మూడు వందలకు మించవు. 250 కాన్పులు, 80 శాతం కవరేజీ (సేవ అందినవాళ్ల వాటా) అనుకుంటే అంచనాలో అటూ ఇటూ 5 శాతం పొరపాటు ఉండొచ్చు. శాంపిల్‌ను ఊళ్ల గుత్తులుగా తీస్తారు కాబట్టి అది 7 దాకా పోవచ్చు. అందులోంచి ఎస్టీ తల్లులను విడదీస్తే 30 మంది మిగులుతారు. పొరపాటు 14 శాతం దాటుతుంది. ఆ అంకెతో తండాకూ ఊరికీ మధ్య తేడా ఉందని చెప్పలేం, లేదనీ చెప్పలేం. ఇక నారాయణపేటకు ఆ సర్వేలో విడిగా లెక్కే లేదు, 2017 నాటి జిల్లాల హద్దులతో చేశారు కాబట్టి.

మాతృ మరణాల సంగతీ అంతే. 2018–20కి ఎస్‌ఆర్‌ఎస్‌ (జనన మరణాల జాతీయ శాంపిల్ నమోదు వ్యవస్థ) చెప్పిన 43 (లక్ష సజీవ జననాలకు) మూడేళ్లు కలిపిన రాష్ట్ర సగటు. దాన్ని జిల్లాలుగా విడదీయలేం.

ఆశా రిజిస్టర్‌లో, ఆర్‌సీహెచ్ పోర్టల్‌లో (గర్భిణులు, పిల్లల వివరాల ప్రభుత్వ వెబ్‌సైట్), లేబర్ రూం రిజిస్టర్‌లో ప్రతి గర్భిణి పేరూ ఉంటుంది. అందరూ ఒకచోట ఉండగా శాంపిల్ దేనికి?

కోయిల్‌సాగర్:
అందరూ ఉన్నారన్న దగ్గరే పేచీ సార్. ఎవరు లేరో ఆ రిజిస్టర్ చెప్పదు. లేనివాళ్లు ఎక్కువగా ఏ వర్గంవాళ్లో అదే మన ప్రశ్న.

హద్దు ఊళ్ల నుంచి మొదలుపెడదాం. అలంపూర్ వైపు వాళ్లకు కర్నూలు దగ్గర, మక్తల్ వైపు వాళ్లకు రాయచూరు దగ్గర. కాన్పు అక్కడైతే పక్క రాష్ట్రం లెక్కలో పడుతుంది. 1969 చట్టం ప్రకారం జననమైనా మరణమైనా జరిగినచోటే నమోదు కావాలి. నల్లగొండ జిల్లా తల్లి పరిస్థితి విషమించి హైదరాబాద్‌కు తరలిస్తే, అక్కడ చనిపోతే, నమోదు హైదరాబాద్‌లో. నివాసం గడి సరిగ్గా నింపకపోతే ఆ మరణం మన జిల్లా నుంచి మాయమైనట్టే. జిల్లాలో మరణాలు తగ్గాయా, రిఫరల్స్ పెరిగాయా అన్నది తేలదు.

వలసలు సరేసరి. దసరా, దీపావళి తర్వాత ముంబై, పుణె వైపు పనికి పోయే కుటుంబాల్లో గర్భిణి పేరు మూడో నెలలో ఇక్కడ ఎక్కుతుంది, ఆ తర్వాత గడులు ఖాళీ. ఆ ఖాళీకి సేవ అందలేదని అర్థమా, వేరేచోట అందిందని అర్థమా? రిజిస్టర్ నుంచి తెలీదు. జిల్లా మొత్తానికి పదిహేను వేల పేర్లున్నంత మాత్రాన ఆ తప్పు పోదు. శాంపిల్ పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది గానీ, ఒకే పక్కకు ఒరిగిన దోషం తగ్గదు.

దిండి గట్టు:
ఇద్దరూ పుట్టింటి కాన్పు సంగతి మర్చిపోయిన్రు. తొలి కాన్పు తల్లిగారింట్లనే అయితది. అత్తగారి ఊర్ల ఆశా పేరు రాస్తది, నాలుగు చెకప్‌లు ఆమె లెక్కల పడ్తయి. ఏడో నెలల సీమంతం అయినంక పిల్ల తల్లిగారింటికి పోతది. అక్కడి ఆశా మళ్ల రాస్తది. ఐడీ వెతికి పాతదే కొనసాగిస్తే మంచిదే. నెట్‌వర్క్ లేక, ఫోన్ నంబర్ మొగునిదో తండ్రిదో తెల్వక కొత్త ఐడీ పడ్తే ఒక మనిషి ఇద్దరైతది. కొన్ని సబ్‌సెంటర్లల్ల కవరేజీ వంద శాతం దాటేది ఇందుకే. ఇంకోచోట 70 కనవడ్తది. రెండూ అబద్ధమే.

దీనికంటె పెద్ద నష్టం పసిపిల్లలకు. ఆస్పత్రి కాన్పు అయితే ఆశా ఇంటికి 3, 7, 14, 21, 28, 42 రోజులల్ల పోవాలె. సిజేరియన్ అయితే ఏడో రోజు నుంచి ఐదుసార్లు. మన దిక్కు సగానికి ఎక్కువ సిజేరియన్లే. డిశ్చార్జి అయి తల్లిగారింటికి పోతే ఆ ఊరి ఆశా లిస్టుల ఆ పిల్ల ఉండదు, ఈ ఊరి ఆశాకు పిల్ల ఎదురుంగ లేదు. బరువు తక్కువ పిల్లకు ఉష్ణోగ్రత చూసేటోళ్లు, పాలు తాగుతున్నదా లేదా అడిగేటోళ్లు ఎవరు? ఫారంల మాత్రం ఆరు టిక్కులు ఉంటయి. తొలి కాన్పు తల్లులు, చిన్న వయసు తల్లులు ఎక్కువ జారిపోయేది ఈ సందులనే.

లేబర్‌రూం నైట్‌డ్యూటీ:
అక్క చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను. రిజిస్టర్‌లో పేరున్నా అంకె నిజం కాకపోతే లాభం లేదు. దాన్ని బయటి సర్వే లేకుండానే పట్టుకోవచ్చు. ఇక్కడ మూసీ కాల్వ గారి వైపే నేను.

జనన బరువు తీసుకోండి. లేబర్ రూం రిజిస్టర్ తెరిచి ఆ కాలమ్‌ను పైనుంచి కిందికి చదవండి. 2.5, 3.0, 2.5, 2.8, 2.5, 3.0 అని వరుసగా కనిపిస్తే బిడ్డను తూచి అంకెను గుండ్రం చేశారు, లేదా తూచనే లేదు. తక్కువ బరువు అంటే 2,500 గ్రాముల లోపు. సరిగ్గా 2.5 రాస్తే ఆ బిడ్డ తక్కువ బరువు లెక్కలోంచి బయటపడుతుంది. సగటు 2.8 కిలోలు, విచలనం (సగటు నుంచి అటూ ఇటూ చెదిరే మేర) 450 గ్రాములు అనుకుంటే 2,450కీ 2,500కీ మధ్య పుట్టేవాళ్లు వందకు మూడున్నర మంది దాకా ఉంటారు. వంద గ్రాములకు గుండ్రం చేస్తే వీళ్లంతా మామూలు బరువు పిల్లలైపోతారు. ఒక ఆస్పత్రిలో డిజిటల్ తూకం, ఇంకోచోట స్ప్రింగ్ తూకం ఉంటే, రెండింటి మధ్య కనిపించే తేడా పిల్లలది కాదు, తూకాలది. డిజిటల్ తూకమైనా గుడ్డ పరిచాక సున్నాకు తేవాలి. లేకపోతే గుడ్డ బరువు బిడ్డ ఖాతాలో పడుతుంది.

హిమోగ్లోబిన్‌కు ఇంకా తేలిక పరీక్ష ఉంది. దశాంశం తర్వాతి అంకెలు లెక్కపెట్టండి. నిజంగా మీటర్‌తో చూసి ఉంటే 0, 5 రెండూ కలిపి ఐదో వంతు అటూ ఇటూగా రావాలి. సగం రీడింగులు 9.5, 10.0, 10.5 అయితే అవి చూసి రాసినవి కావు, అంచనాతో రాసినవి. మీటర్ ఉన్నా తప్పు వస్తుంది. మొదటి చుక్క తుడవకపోయినా, వేలు గట్టిగా పిండినా రక్తంలో కణజాల ద్రవం కలిసి రీడింగ్ తగ్గుతుంది. స్ట్రిప్ డబ్బా మూత తీసిపెడితే తేమకు పాడవుతాయి. ఈ అంకె మీదే వైద్యం నడుస్తుంది: గర్భిణికి 11 లోపు రక్తహీనత, 7 లోపు తీవ్రం. 6.8ని 7.5 అని రాస్తే ఆమెకు సిరలోకి ఇచ్చే ఐరన్ అందదు, రోజూ వేసుకునే ఎర్ర మాత్రతోనే (60 మి.గ్రా. ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్) కాన్పుదాకా నెట్టుకొస్తుంది.

మూసీ కాల్వ:
మేడం చెప్పిన తప్పులన్నీ సర్వేలోకీ వస్తాయి, అది గమనించాలి. సర్వేలో బిడ్డ బరువు ఎక్కడి నుంచి తీసుకుంటారు? తల్లి దగ్గరున్న కార్డు నుంచి, లేదా ఆమె జ్ఞాపకం నుంచి. ఆ కార్డులో ఉన్నది అదే లేబర్ రూం అంకె. నాలుగేళ్ల కిందటి కాన్పులో ఎన్ని ఐరన్ మాత్రలు మింగిందో అడిగితే చదువుకున్న తల్లి, చదువుకోని తల్లి ఒకేలా గుర్తుచేసుకోరు. అలా వచ్చిన తేడా అసమానతా, జ్ఞాపకశక్తా?

నల్లమల అంచు:
మీరంతా ఎస్టీ అని ఒకే గంపకిందకు తోస్తున్నారు. దక్షిణ తెలంగాణలో ఎస్టీ సగటు అంటే దాదాపుగా లంబాడీల సగటు. సంఖ్యలో వాళ్లే ఎక్కువ. అమ్రాబాద్, మన్ననూర్ లోపలి పెంటల్లో (చెంచుల అడవి గూడేల్లో) ఉండే చెంచులు ఆ సగటులో కనిపించనే కనిపించరు. దేవరకొండ, చందంపేట తండాల సమస్య ఒకటి: చిన్న వయసు పెళ్లి, ఆడపిల్ల మీద వివక్ష, వలస. అప్పాపూర్ లాంటి పెంటల సమస్య పూర్తిగా వేరు: టైగర్ రిజర్వ్ లోపల దారి, ఫోన్ సిగ్నల్, వానలకు వాగు. 102 బండి (గర్భిణులను ఆస్పత్రికి చేర్చే వాహనం) ఎక్కడిదాకా రాగలదో అక్కడిదాకా మనిషిని మోసుకురావాలి. పరిశోధకులు థాడియస్, మెయిన్ మాతృ మరణాల గురించి 1994లో చెప్పిన మూడు ఆలస్యాల్లో (నిర్ణయం, ప్రయాణం, ఆస్పత్రి లోపల చికిత్స) తండాలో మొదటిదీ మూడోదీ బరువు, పెంటలో రెండోది.

రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే అని ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌-5 చెబుతుంది. ఏడాదికి 15 వేల కాన్పులుండే జిల్లాలో మిగతా 3 శాతం అంటే 450. అవి ఊరికొకటి చొప్పున చెదిరి ఉండవు, కొన్ని ఆవాసాల్లోనే కుప్పపడతాయి. వాటిని 900 ఇళ్ల సర్వే పట్టుకోలేదు, మీ రిజిస్టర్ కూడా పట్టుకోలేదు. ఆ ఆవాసాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే తెలుసు కాబట్టి అక్కడ శాంపిల్ కాదు, ప్రతి ఇల్లూ తిరగాలి.

కోయిల్‌సాగర్:
ఈ మాటకు ఒప్పుకుంటాను. మిగతాచోట్ల కూడా రిజిస్టర్‌లో ఎంతమంది తప్పిపోయారో లెక్కగట్టే పద్ధతి ఉంది: రెండు జాబితాలను పోల్చడం. ఆశా దగ్గర 120 మంది గర్భిణులు, అంగన్‌వాడీ ఆరోగ్యలక్ష్మి భోజనం జాబితాలో 110, రెండింటిలోనూ ఉన్నవాళ్లు 100 అనుకోండి. 120ని 110తో గుణించి 100తో భాగిస్తే 132. రెండు జాబితాలూ కలిపితే 130 మందే కాబట్టి, ఎవరి కంటికీ కనిపించనివాళ్లు ఇద్దరు. దీన్ని కులం వారీగా, ఆవాసం వారీగా విడివిడిగా చేస్తే ఎవరు ఎక్కువ తప్పిపోతున్నారో తెలుస్తుంది.

దిండి గట్టు:
అన్నా, లెక్క మంచిగున్నది గని ఊర్ల నడిచే తీరు వేరు. ఆశా, అంగన్‌వాడీ టీచర్ ఇద్దరు కలిసి కూసొని ఒకరి బుక్కు చూసి ఒకరు రాసుకుంటరు. ఒకరికి దొరకనోళ్లు ఇంకొకరికీ దొరకరు. మీ లెక్కల ఇద్దరే తప్పిపోయిన్రని వస్తది, అసలు పదిమంది ఉంటరు. మూడో జాబితా కావాలె, అది మా శాఖది కావొద్దు. ఇటుక బట్టీలు, కోళ్ల ఫారాలు, పత్తి ఏరే గుంపుల మేస్త్రీల దగ్గర ఎవరెవరు పనికొచ్చిన్రో లిస్టు ఉంటది. అండ్లకెల్లి వచ్చిన పేర్లతోని పోల్చాలె.

ఇంకోటి. తనిఖీకి పోయేటోళ్లు ఆ పీహెచ్‌సీ మనుషులు కావొద్దు. ఆశాకు పైసలు వచ్చేది ఆ టిక్కుల మీదనే. తప్పు బయటపడ్తే పైసలు కోస్తరంటే ఎవరు నిజం చెప్తరు?

మూసీ కాల్వ:
తనిఖీ శాంపిల్ వరకు నాకు అభ్యంతరం లేదు. పూర్తిస్థాయి సర్వే వద్దనే ఇప్పటికీ అంటాను. పీహెచ్‌సీకి 30 కార్డులు యాదృచ్ఛికంగా తీసి, ఇంటికెళ్లి సరిపోల్చితే చాలు.

లేబర్‌రూం నైట్‌డ్యూటీ:
సరిపోల్చే ముందు ఏది మంచి, ఏది చెడు అన్నది తేల్చుకోవాలి. సిజేరియన్ల మీద అసమానత సూచీ గీస్తే ఏమవుతుంది? 2019 నాటి ఆ సర్వే ప్రకారం రాష్ట్రంలో 60.7 శాతం, ప్రభుత్వ ఆస్పత్రుల్లో 44.5, ప్రైవేటులో 81.5. పేదలకూ ధనికులకూ మధ్య అంతరం తగ్గిందంటే పేద తల్లి కూడా అనవసర కోత దాకా వచ్చిందని అర్థం కావచ్చు. జనాభా స్థాయిలో 10 శాతం దాటాక సిజేరియన్లు పెరిగినంత మాత్రాన మరణాలు తగ్గినట్టు కనిపించలేదని డబ్ల్యూహెచ్‌ఓ 2015లో చెప్పింది. అదే సమయంలో పెంట నుంచి వచ్చిన తల్లికి అవసరమైన కోత కూడా అందకపోవచ్చు. సగటులో ఈ రెండూ కలిసిపోతాయి.

అందుకే రాబ్సన్ వర్గాల (సిజేరియన్లను పోల్చడానికి కాన్పులను గుంపులుగా విడదీసే పద్ధతి) వారీగా చూడాలి. ఆరు సంగతులు రాస్తే చాలు: ఎన్నో కాన్పు, గతంలో సిజేరియన్ ఉందా, బిడ్డ ఒకటా కవలలా, తల కిందికి ఉందా, ఎన్ని వారాలు, నొప్పులు వాటంతటవే వచ్చాయా. తొలి కాన్పు, ఒకే బిడ్డ, తల కిందికి, 37 వారాలు నిండి, నొప్పులు తమంత తామే వచ్చినవాళ్లు ఒకటో వర్గం. ఆ వర్గంలో ఏ కులం, ఏ ఆవాసం తల్లికి ఎంత శాతం కోత పడుతోందో పోల్చితే అప్పుడు అర్థవంతమైన తేడా వస్తుంది. ఇవాళ ఆ వర్గంలో చేసిన ప్రతి కోత రేపు అయిదో వర్గంలోకి, అంటే పాత సిజేరియన్ తల్లుల్లోకి చేరుతుంది. రెండో కాన్పూ దాదాపు కోతే. ఈ ఆరు గడులూ ప్రైవేటు నర్సింగ్‌హోంల నుంచి రాకపోతే మాత్రం సగం జిల్లా చీకట్లోనే ఉంటుంది.

నల్లమల అంచు:
మరి మరణాలు?

కోయిల్‌సాగర్:
మరణాల మీద జిల్లాలకు ర్యాంకులు ఇవ్వడం ఆపాలి. ఏడాదికి 15 వేల కాన్పులు, మాతృ మరణాల రేటు లక్షకు 43 అయితే ఆరేడు మరణాలు రావాలి. ఏమీ మారకపోయినా కేవలం యాదృచ్ఛికంగా ఒక ఏడు రెండు, ఒక ఏడు పన్నెండు రావచ్చు. రెండు వచ్చిన ఏడు సన్మానం, పన్నెండు వచ్చిన ఏడు మెమో ఇస్తే మరుసటి ఏడాది నుంచి మరణాలు దాస్తారు. కాన్పయ్యాక 42 రోజుల లోపు పోయినవాళ్లు చాలామంది మెడికల్ వార్డులో, ఇంట్లో పోతారు. అందుకే 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ల మరణాలన్నీ ముందు రాసి, తర్వాత గర్భం సంగతి అడగాలి. గర్భిణి పోయిందా అని మొదటే అడిగితే లేదనే జవాబు వస్తుంది.

లేబర్‌రూం నైట్‌డ్యూటీ:
చనిపోయి పుట్టిన బిడ్డలనూ అందులో కలపండి. తల్లి ఆస్పత్రిలో చేరేటప్పుడు గుండె చప్పుడు ఉందా లేదా అన్న ఒక్క గడి నింపితే, లోపం దారిలో జరిగిందా లేబర్ రూంలో జరిగిందా తెలుస్తుంది. బిడ్డ రెండు నిమిషాలు ఊపిరి తీసి పోతే అది నవజాత మరణం, మృతశిశువు కాదు. ఆ రెండింటినీ తారుమారు చేస్తే ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స వార్డు) ఎక్కడ అవసరమో, నైట్ డ్యూటీలో రిససిటేషన్ (ఊపిరి అందని బిడ్డకు ఊపిరి అందించడం) తెలిసిన మనిషి ఎక్కడ అవసరమో తేలదు.

దిండి గట్టు:
గడి పెట్టుండ్రి, కానీ పాతవి కొన్ని తీసేసి పెట్టుండ్రి. ఒక్క గర్భిణికి రాసిందే నాలుగు బుక్కులల్ల రాస్తున్నరు. మూసీ కాల్వ సారు చెప్పిన 30 కార్డుల తనిఖీల తల్లిగారింటికి పోయిన బాలింతలను వదలొద్దు. "ఇంట్ల లేదు" అని గీత కొట్టి పక్కింటామెను తీసుకుంటే మళ్ల మొదటికే వస్తది. ఆమె ఏ ఊర్ల ఉంటే ఆ ఊరికే పోవాలె. దానికి డీజిల్ పైసలు అంచనాల ముందే రాయుండ్రి.