బెంగళూరులో సద్దుల బతుకమ్మ: పార్కింగ్ విషయం ఈ రాత్రికే తేలాలి

సెక్రటరీ: అందరికీ నమస్కారం. పూలు, సౌండ్, ప్రసాదం, పిల్లల పోటీల పనుల జాబితా పైన పిన్ చేశాను. ఈలోగా మనం బతుకమ్మ ఆడబోయే స్కూలు వాళ్లు ఫోన్ చేశారు. వానలకి గ్రౌండ్ మెత్తబడిందట, కార్లు ఎక్కనివ్వం అంటున్నారు. రోడ్డు పక్క తారు ఆవరణ ఒక్కటే ఇస్తారు. ట్రాఫిక్ పోలీసులకి పార్కింగ్ ప్లాన్ రేపు పొద్దున్నే ఇవ్వాలి.

ట్రెజరర్: అడ్వాన్స్ కట్టేశాక ఇప్పుడా చెప్పేది? ఇంకో చోటు చూడ్డానికి డబ్బుల్లేవు. ఆవరణలోనే ఒకదాని వెనక ఒకటి పెట్టిద్దాం. యాభై పడతాయి. కారు తాళాలు మన కుర్రాళ్లు దగ్గర ఉంచుకుని, అడ్డమొచ్చినవి తీస్తారు.

హూడి తమ్ముడు: యాభై పట్టవన్నా. ఆవరణ నేను కొలిచాను, 40 మీటర్ల పొడవు, 22 వెడల్పు. కారుకి 2.5 బై 5 మీటర్లు. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యలో తిప్పుకోవడానికి 6 మీటర్లు, మొత్తం 16 అయిపోయింది. మిగిలిన 6 మీటర్లు ఫైరింజన్, అంబులెన్స్ దారి. దాన్ని ముట్టుకోకూడదు. వరసకి 16 చొప్పున 32 కార్లు, గేట్ల దగ్గర మలుపులకి అందులోనూ కొన్ని పోతాయి.

మహిళా విభాగం అక్క: ఎన్ని పడితే ఏం? ఆ కార్ల మధ్యలోంచే కదా మేం నడవాల్సింది! తాంబాళం రెండు చేతులా పట్టుకుంటే కాళ్ల దగ్గర ఏముందో కనపడదు. రివర్స్ చేసేవాళ్లకి చిన్నపిల్లలు కనపడరు. నడిచే దారి ఎక్కడో ఇంతవరకు ఒక్కరూ అనలేదు.

ట్రెజరర్: రోడ్డు మీద పెడితే పోలీసులు ఫైన్ వేస్తారక్కా. అప్పుడు ఫోన్లన్నీ నాకే వస్తాయి. చెప్పడం తేలికే.

మహిళా విభాగం అక్క: తేలికని నేనన్నానా? మా అత్తగారు వాకర్‌తో వస్తారు. ఆవిడ ఎక్కడ దిగాలో ముందు చెప్పండి.

సెక్రటరీ: ఇద్దరూ కాస్త ఆగండి. తమ్ముడూ, అక్క అడిగిన దగ్గర్నుంచే మొదలుపెట్టు.

హూడి తమ్ముడు: సరే అన్నా. అసలు ఆవరణలో పార్కింగే వద్దు, దింపడానికే వాడదాం. స్కూలు వైపు ట్రాఫిక్‌కి ముందొచ్చే గేటు ఇన్, తర్వాతది ఔట్. రెండు చోట్లా ఎడమ మలుపే, ఎవరూ రోడ్డు అడ్డంగా దాటక్కర్లేదు. ఇలా వెళ్తే గ్రౌండ్ కారుకి ఎడమ పక్కన ఉంటుంది. ఎడమ తలుపు తీసి నేరుగా తాడు కట్టిన నడక దారిలోకి దిగొచ్చు. ఎవరూ కారు ముందు నుంచి దాటరు. అక్క అత్తగారి లాంటి వాళ్లకి ఔట్ గేటు దగ్గర, గ్రౌండ్ అంచున, నాలుగు కార్లు ఆగే చోటు ఉంచుదాం. ఒక్కోటి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి, అప్పుడే తలుపు పూర్తిగా తెరుచుకుని వాకర్ పక్కన పెట్టుకోవచ్చు. ఆవరణ పొడవులో మిగతా పాతిక మీటర్లలో దింపడానికి ఒకేసారి నాలుగు కార్లు ఆగుతాయి. మొదటి కారు చివరిదాకా వెళ్లి ఆగాలి. గేటు లోపలికి రాగానే దింపేస్తే వెనక కార్ల వరస రోడ్డు మీదికి పోతుంది, పోలీసులు కాదనేది దానికే. హూడి మెట్రో నుంచి నడిచొచ్చేవాళ్లు పక్క సందులోని చిన్న గేటు నుంచి వస్తారు, వాళ్లకి కార్లే ఎదురుపడవు.

కుందలహళ్లి అన్న: మరి దింపిన కార్లు ఎక్కడికి? ఆదివారం మా ఆఫీసు బేస్‌మెంట్ ఖాళీనే. ఇప్పుడే బిల్డింగ్ చూసుకునే ఆయన్ని అడిగా, కారు నంబర్లు ముందే ఇస్తే సరే అన్నారు. స్కూలుకి పది నిమిషాల నడక. ఇంకా సులువు కావాలంటే మెట్రోలో రమ్మందాం. హూడి మీదుగా వెళ్లే పర్పుల్ లైన్‌లో 2023 నుంచి ఊరి అవతలి చివర చల్లఘట్ట దాకా ఒకే బండి, అటువైపు ఉండే మనవాళ్లకీ ఇబ్బంది లేదు.

మహిళా విభాగం అక్క: ఇది బాగుంది. ఆట అయ్యేసరికి చీకటి పడుతుంది, ఆ సందులో లైటు లేదు. అదొక్కటీ చూడండి.

ట్రెజరర్: సౌండ్ వాళ్ల జనరేటర్ నుంచి రెండు ఫోకస్ లైట్లు లాగిస్తా. ఆ మాత్రం డబ్బులున్నాయి. అక్కా, అత్తగారు బయల్దేరగానే ఫోన్ చేయండి, ఇన్ గేటు దగ్గర నేనే ఉంటా.

సెక్రటరీ: తమ్ముడూ, బొమ్మ గీసి రాత్రికే పంపు, పొద్దున పోలీస్ స్టేషన్‌కి నేను పట్టుకెళ్తా. ఇన్, ఔట్ బోర్డులు కన్నడలో కూడా రాయించండి, గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్లూ బయటి డ్రైవర్లూ చదవాలి. కోన్లు, తాడు తెచ్చేవాళ్లు మధ్యాహ్నం మూడింటికల్లా చిన్న గేటు దగ్గరికి రండి.