ఆరోహణ ఆరాధన గురువారమా, ఆదివారమా?

పాలకొండ మాష్టారు:
అందరికీ వందనాలు. ఈస్టరు నుంచి 40వ రోజు గురువారం మా సంఘంలో ఆరోహణ ఆరాధన, అంటే యేసు ప్రభువు పరలోకానికి వెళ్లిన రోజును తలుచుకునే ఆరాధన, జరిగేది. పోయినేడు తొమ్మిది మందిమే వచ్చాం, అందులో ఇద్దరు పాస్టరు గారి పిల్లలు. ఈసారి ఆదివారానికి మారుద్దామని కమిటీ అంటోంది. అసలు ప్రభువు పైకి వెళ్లిన రోజుతో మనకిప్పుడు పనేమిటి అని ఒకాయన అడిగాడు. మీరేమంటారు?

బొబ్బిలి వీణ:
మార్చకూడదు. ఆయన తిరిగి లేచాక 40 దినాలు శిష్యులకు కనబడ్డాడని అపొస్తలుల కార్యములు 1:3లో ఉంది. క్రిస్మస్‌ని ఆదివారానికి జరుపుతామా?

ఉద్దానం జీడి:
వీణ గారూ, లూకా 24 చదవండి. లేచిన రోజు రాత్రే బేతనియ వరకు తీసుకెళ్లి ఆరోహణమైనట్టు ఉంటుంది. కార్యాల్లోనేమో ఒలీవ కొండ. మీ 40 ఎక్కడ?

బొబ్బిలి వీణ:
బేతనియ ఆ కొండ వాలులోనే ఉంది. రెండూ రాసింది లూకాయే. సువార్తలో కుదించాడు, కార్యాల్లో విప్పాడు.

గరివిడి అక్క:
కేథలిక్కులు చాలా చోట్ల ఆదివారమే చేస్తారు కదండీ.

బొబ్బిలి వీణ:
వాళ్లు చేస్తే మనమూ చేయాలా అమ్మా?

ఉద్దానం జీడి:
తారీఖు పట్టుకుని వేలాడుతున్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను వచ్చింది. కొబ్బరి, జీడి రెండూ పడిపోయాయి. మా ఇంటి రేకులు ఎగిరి చెరువులో పడ్డాయి. ఎనిమిదో రోజున అయ్యగారు వచ్చి, ‘పైకి చూడండి, ప్రభువు సింహాసనం మీద ఉన్నాడు’ అన్నారు. పైకి చూస్తే కప్పే లేదు. కార్యాల్లో, ప్రభువు పైకి వెళ్తుంటే తెల్లబట్టల్లో నిలబడ్డ ఆ ఇద్దరూ శిష్యులతో ఏమన్నారు? ‘మీరెందుకు నిలిచి ఆకాశమువైపు చూచుచున్నారు?’ అని. చూడమని కాదు.

బొబ్బిలి వీణ:
ఒక అయ్యగారు ఆలస్యంగా వస్తే ఆ తప్పు పండుగ మీద వేస్తారేటి?

ఉద్దానం జీడి:
ఆయనొక్కడి తప్పు కాదు, మీ అందరి బోధే అది. ఆయన వెళ్లింది మనల్ని పనిలో పెట్టడానికి. పైన ఉన్నాడు కదా అని మనం కింద కూర్చోడానికి కాదు.

బొబ్బిలి వీణ:
పని, పని! గల్ఫ్‌లో 11 ఏళ్లు చేశాను పని. అమ్మ పోతే సెలవివ్వలేదు. సమాధి కార్యక్రమం వీడియో కాల్‌లో చూశాను, మట్టి వేసేటప్పుడు సిగ్నల్ పోయింది. ఆ రాత్రి క్యాంపులో హెబ్రీ 7:25 చదువుకున్నాను. నేను వెళ్లలేని చోట, గాయాలున్న మనిషి శరీరంతోనే, ఒకడు తండ్రి దగ్గర నా పక్షాన మాట్లాడుతున్నాడు. కాళ్లూ చేతులూ ఆడేవాళ్లకి మీ పని బోధ బాగుంటుంది. ఆడనివాడికి ఏం చెబుతారు?

గరివిడి అక్క:
నాకెప్పుడూ అర్థం కానిది ఒకటుంది. మా చెల్లెలి భర్త చెన్నై రైలెక్కిన రోజు, పలాస ప్లాట్‌ఫాం మీద అది చంటిదాన్ని ఎత్తుకుని, బండి కనబడనంత దూరం పోయాక కూడా కదల్లేదు. శిష్యులేమో ‘మహా ఆనందముతో’ యెరూషలేముకు తిరిగి వెళ్లారని లూకా 24:52. వెళ్లిపోయినవాడి కోసం ఆనందమేమిటండీ?

బొబ్బిలి వీణ:
‘నేను వెళ్లిపోవుటవలన మీకు ప్రయోజనకరము’ అని యోహాను 16:7లో ముందే చెప్పాడమ్మా. ఇక్కడే ఉంటే ఒక ఊళ్లోనే ఉండేవాడు. వెళ్లాడు కాబట్టి క్యాంపుకీ వచ్చాడు.

ఉద్దానం జీడి:
మీ అమ్మగారి సంగతి తెలియక గట్టిగా మాట్లాడాను, ఏమనుకోకండి. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. ఆయన చేతులెత్తి దీవిస్తూ వెళ్లాడు, సరే. మా ఇంటికి టార్పాలిన్ కట్టిన చేతులు ఎవరివి? పక్క వీధి హిందువుల కుర్రాళ్లవి. సంఘం నుంచి ఒక్కడూ రాలేదు.

బొబ్బిలి వీణ:
ఆ కుర్రాళ్లని పంపింది ఎవరనుకుంటున్నారు?

ఉద్దానం జీడి:
ఆ మాట వాళ్ల ముందు అనకండి, నవ్వుతారు. పంపితే సంఘాన్నే పంపి ఉండాల్సింది.

పాలకొండ మాష్టారు:
కమిటీ ఆదివారానికే ఖాయం చేసింది. గుడి తాళం నా దగ్గరే ఉంది, గురువారం ఆరున్నరకి తీస్తాను. వీణ గారూ, బొబ్బిలికి తిరుగు బస్సు ఎన్నింటి వరకు ఉంటుంది?