ఎప్పుడూ గుర్రం ఎక్కనివారు కళాశాల గుర్రపు స్వారీ జట్టులో చేరవచ్చా?

ప్రశ్న (మొదటి సంవత్సరం విద్యార్థిని):

అందరికీ నమస్కారం. అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయంలో ఈ ఆగస్టులో డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరాను. విద్యార్థి సంఘాలన్నీ కొత్తవారిని చేర్చుకునే రోజున గుర్రపు స్వారీ క్లబ్ వారు నన్ను పలకరించి, ఇంతవరకు గుర్రం ఎక్కకపోయినా ఫరవాలేదు, జట్టు ఎంపికకు రమ్మని ఆహ్వానించారు. నాకు చాలా ఆసక్తిగా ఉంది. అయితే ఆ జట్టులో కొందరు చిన్నతనం నుంచీ స్వారీ చేస్తున్నవారు, ఒకరిద్దరికి సొంత గుర్రాలు కూడా ఉన్నాయి. సొంత గుర్రం లేనివారు పోటీలో దేనిపై స్వారీ చేస్తారు? ఏమీ రానివారిని చేర్చుకోవడం వల్ల జట్టుకు ఒరిగేదేమిటి? నన్ను కేవలం రుసుము కోసమే పిలుస్తున్నారేమోనన్న అనుమానం కూడా లేకపోలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు (జట్టు మాజీ సభ్యురాలు):

వారు మీకు చెప్పింది నిజమేనండి. మీది క్లబ్ జట్టు అంటున్నారు కాబట్టి అది చాలావరకు ఇంటర్‌కాలేజియేట్ హార్స్ షోస్ అసోసియేషన్ పోటీలకు వెళ్లే జట్టే అయి ఉంటుంది. ఆ సంగతి ముందుగా నిర్ధారించుకోండి. ఎందుకంటే కొన్ని విశ్వవిద్యాలయాలలో దీనికి భిన్నమైన వర్సిటీ జట్లు, అంటే విశ్వవిద్యాలయ క్రీడా విభాగమే నడిపే జట్లు ఉంటాయి, వాటిలోకి ఎన్నో ఏళ్ల పోటీ అనుభవం ఉన్నవారినే వెతికి తీసుకుంటారు. ఈ అసోసియేషన్‌ను 1967లో రాబర్ట్ కాకియోనీ ఫెయిర్లీ డికిన్‌సన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న రోజుల్లోనే ప్రారంభించారు. సొంత గుర్రం కొనుక్కునే స్తోమత లేని విద్యార్థులు కూడా పోటీ పడగలగాలన్నది దాని ఉద్దేశం.

కాబట్టి మీ మొదటి సందేహానికి సమాధానం ఏమిటంటే, సొంత గుర్రం ఉన్నవారు కూడా దానిని పోటీకి తీసుకురారు. గుర్రాలను, జీనులను, కళ్లేలను ఆతిథ్యమిచ్చే కళాశాలే సమకూరుస్తుంది, ఎవరికి ఏ గుర్రమో చీటీలు తీసి నిర్ణయిస్తారు. బరిలోకి దిగేముందు ఆ గుర్రంపై కాసేపు సాధన చేసుకునే వీలు కూడా ఉండదు. ఆ ఉదయం ఆతిథ్య జట్టు సభ్యులు గుర్రాలను తిప్పి చూపిస్తారు. అప్పుడు కంచె పక్కన నిలబడి ఏది మందకొడిగా నడుస్తోంది, ఏది పగ్గం కాస్త బిగిస్తేనే తల ఎగరేస్తోంది, ఏది పక్కకు వచ్చిన గుర్రాన్ని చూసి చెవులు వెనక్కి వాలుస్తోంది అని గమనించి పెట్టుకోవాలి. జంపులు లేని తరగతుల్లో (పోటీలోని విభాగాలను తరగతులంటారు) న్యాయనిర్ణేత చూసేది గుర్రం అందాన్ని కాదు, రౌతు కూర్చున్న తీరును: మడమ కిందికి దిగి ఉందా, చూపు ముందుకు ఉందా, చేతులు నిలకడగా ఉన్నాయా అని.

మీ రెండో సందేహమే అసలైనది. పోటీలో నడక, ట్రాట్ (నడక కంటే కాస్త వేగమైన దుడుకు అడుగులు) మాత్రమే చేసే ప్రవేశస్థాయి మొదలుకొని జంపులు చేసే పైస్థాయి వరకు వేర్వేరు తరగతులు ఉంటాయి. ఒక్కో తరగతిలో తమ తరఫున ఎవరి పాయింట్లు లెక్కకు రావాలో కోచ్ పోటీకి ముందే ప్రకటిస్తారు. మొదటి స్థానానికి 7, ఆ తర్వాతి స్థానాలకు వరుసగా 5, 4, 3, 2, 1 పాయింట్లు వస్తాయి. ప్రవేశస్థాయిలో మీరు గెలిచే 7 పాయింట్లకు, మీ సీనియర్ జంపులు చేసి గెలిచే 7 పాయింట్లకు జట్టు ఖాతాలో విలువ ఒకటే. అందరూ ఆరితేరినవారే ఉన్న జట్టుకు అడుగు తరగతుల్లో దింపడానికి మనిషి దొరకరు, అందుకే వారు మీవంటి వారి కోసం ప్రత్యేకంగా వెతుకుతారు. ఇందులో మొహమాటానికి తావు లేదు.

ఒక్క మాట. ఎంపిక రోజున మీ అనుభవాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఎందుకంటే గతంలో పొందిన శిక్షణను బట్టే మీ తరగతిని నిర్ణయిస్తారు. ఎక్కువ చేసి చెప్పుకుంటే మీకు మించిన తరగతిలో పడతారు. కొత్తవారిలో కోచ్ చూసేది చెప్పిన మాట వెంటనే ఆచరణలో పెడుతున్నారా అన్నదే. ఉదాహరణకు, ట్రాట్‌లో గుర్రం అడుగుల లయకు తగ్గట్టు జీనుపై లేచి కూర్చోవడం నేర్పిస్తారు. వలయంలో తిరిగేటప్పుడు బయటివైపు ముందుకాలు ముందుకు వెళ్లినప్పుడు మీరు లేవాలి. మొదట్లో ఆ భుజం కదలికను కిందికి చూసి పట్టుకుంటారు, కొంతకాలానికి చూడకుండానే నడుముకు తెలిసిపోతుంది.

జవాబు (క్లబ్ కోశాధికారిగా పనిచేసిన విద్యార్థి):

పై జవాబుతో ఏకీభవిస్తూనే, డబ్బు విషయం కూడా చెప్పడం అవసరమనిపించింది. క్లబ్ జట్లకు విశ్వవిద్యాలయం ఇచ్చే నిధులు సాధారణంగా పూర్తి ఖర్చుకు చాలవు. సభ్యత్వ రుసుము, వారం వారం పాఠాల రుసుము, పాల్గొనే ప్రతి తరగతికీ ప్రవేశ రుసుము, ఊరు దాటి వెళ్తే బస ఖర్చు వేర్వేరుగా ఉంటాయి, కనుక సెమిస్టర్ మొత్తానికి ఎంతవుతుందో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు. పోటీ కోటు, బూట్లు చాలా జట్లలో పాత సభ్యులవి చేతులు మారుతూ ఉంటాయి కాబట్టి మొదటి ఏడాది వాటిని కొనకండి.

నా దృష్టిలో డబ్బు కంటే సమయమే పెద్ద ఖర్చు. గుర్రపుశాల చాలా చోట్ల క్యాంపస్‌కు దూరంగా ఉంటుంది. పాఠానికి ముందు గుర్రానికి మాలీషు చేసి, డెక్కల్లో ఇరుక్కున్న మట్టినీ రాళ్లనూ తీసి, జీను కట్టాలి. తర్వాత అదంతా విప్పి సర్దాలి. పోటీ రోజైతే కొద్ది నిమిషాల స్వారీ కోసం తెల్లవారుజాము నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నాకు సైకిల్ హెల్మెట్ ఉంది, అది సరిపోతుందా? పడితే ఏమిటని ఇంట్లో అమ్మానాన్నలు కంగారు పడుతున్నారు.

జవాబు (స్వారీ శిక్షకురాలు):

సరిపోదండి. గుర్రంపై నుంచి పడే ఎత్తు, వెనుక తల తగిలే అవకాశం, డెక్క తాకిడి వంటివి దృష్టిలో పెట్టుకుని స్వారీ హెల్మెట్‌లను వేరే ప్రమాణాలతో పరీక్షిస్తారు. లోపల ఏఎస్‌టీఎం ఎఫ్1163, ఎస్‌ఈఐ అన్న గుర్తులు ఉన్నాయో లేదో చూడండి. వాడినది మాత్రం కొనవద్దు. ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగిపోయి ఉండవచ్చు.

పడడం ఈ క్రీడలో ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే, అది జరగదని మీ పెద్దలకు మాట ఇవ్వకండి. ప్రవేశస్థాయి వారికి నెమ్మదైన గుర్రాలనే ఇస్తారని, శిక్షకులు పక్కనే ఉంటారని చెప్పవచ్చు. కొన్ని ఆరోగ్య బీమా పాలసీలలో కళాశాలల మధ్య జరిగే క్రీడల గాయాలకు బీమా వర్తించదు, సంతకాలు చేసేముందు మీ పాలసీలో ఆ భాగం చదవండి. ఎంపికకు పొడవాటి ప్యాంటు, చిన్న మడమ ఉన్న బూట్లు వేసుకుని వెళ్లండి, మడమ లేకపోతే పాదం రికాబులోంచి ముందుకు జారి ఇరుక్కుంటుంది. హెల్మెట్ ఆ రోజుకు శాల వారే ఇస్తారేమో ముందురోజే అడగండి, చాలామంది ఇస్తారు.