అప్‌డేట్: నాన్నకి షంట్ (మెదడులో చేరిన నీటిని బయటికి పంపే గొట్టం) వేయించాం

రెండు నెలల కిందట అడిగాను కదా, నాన్న (71) పాదాలు నేలకి అతుక్కుపోయినట్టు నడుస్తున్నారు, బాత్రూమ్‌కి వెళ్లేలోపే అయిపోతోంది, మతిమరుపు కూడా, ఇదంతా వయసేనా అని. వయసు కాదండీ. మెదడులో నీరు చేరిందట, నార్మల్ ప్రెషర్ హైడ్రోసెఫాలస్. అంతకుముందే బెంగళూరు మారతహళ్లిలో మొదట చూపించిన డాక్టరు పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) అని ఆర్నెల్లు మందులు మింగించాడు, ఆ కోపం నాకింకా తగ్గలేదు.

రెండో చోట, మెదడు చుట్టూ ఉండే నీరే వెన్నులోకీ వస్తుందని చెప్పి, నడుములో సూది గుచ్చి సుమారు 40 ఎం.ఎల్. నీరు తీశారు. మర్నాడు పొద్దున హాల్లో చెప్పులు ఈడ్చే చప్పుడు లేదు, ఏమైందోనని అమ్మ గరిటె పట్టుకునే వంటింట్లోంచి తొంగి చూసింది, నాన్న మామూలుగా నడుచుకుంటూ పేపర్ కోసం వెళ్తున్నారు! అది చూశాకే ఆపరేషన్‌కి ధైర్యం వచ్చింది. షంట్ అంటే తలలోంచి పొట్టలోకి చర్మం కిందే సన్నని గొట్టం. నీరు ఎంత పోవాలో చూసే దాని వాల్వ్‌ని బయటినుంచి అయస్కాంతంతో సర్దుతారు, అందుకని అయస్కాంతంతోనే పనిచేసే ఎమ్మారై తీయిస్తే సెట్టింగ్ మళ్లీ చూపించుకోవాలి.

నడక బాగుంది, బాత్రూమ్ గొడవ తగ్గింది, మతిమరుపు మాత్రం పెద్దగా మారలేదు. జ్వరం, వాంతులు, తలనొప్పి వస్తే వెంటనే రమ్మన్నారు, ఆ టెన్షన్ ఉంది.

పైఇంటివాళ్ల చివావా కుక్కపిల్లకీ మెదడులో నీరేనట, స్టెరాయిడ్ మందులతో నెట్టుకొస్తున్నారు. లిఫ్ట్‌లో కనబడితే నాన్న దాన్ని "ఏరా, మన బ్యాచే" అని పలకరిస్తున్నారు.