మూడేళ్ల ఆయిల్ పామ్ మొవ్వులో రంధ్రాలు పడుతున్నాయి, కొమ్ము పురుగును అదుపు చేయడం ఎలా?

నెక్కొండ రైతు:

అందరికీ నమస్కారం. మాది వరంగల్ జిల్లా నెక్కొండ మండలం. 2022 ఆగస్టులో నాలుగు ఎకరాల్లో ఎకరానికి 57 చొప్పున 228 ఆయిల్ పామ్ మొక్కలు నాటాము. మొదటి రెండేళ్లు వరుసల మధ్య పెసర, మిరప వేసుకున్నాము, తోట కూడా బాగానే ఎదిగింది. ఈ వానాకాలం తొలి వానలు పడినప్పటి నుంచి కొన్ని మొక్కల్లో కొత్తగా విచ్చుకుంటున్న ఆకులు కత్తెర పట్టి కోసినట్టు కనిపిస్తున్నాయి. మొవ్వు మొదట్లో బొటనవేలు దూరేంత రంధ్రం, దాని అంచున నమిలి ఉమ్మినట్టుగా పీచు ఉంటున్నాయి. నిన్న వరుసలన్నీ తిరిగి లెక్క పెడితే 31 మొక్కలకు ఈ గుర్తులు ఉన్నాయి, వాటిలో రెండింటికి మొవ్వు విరిగి పక్కకు వాలిపోయింది. ఒక రంధ్రంలో పుల్ల పెట్టి కదిలిస్తే నల్లగా, తల మీద కొమ్ముతో ఉన్న పురుగు బయటికి వచ్చింది.

మందుల దుకాణంలో అడిగితే గుళికలు ఇచ్చి మొవ్వులో వేయమన్నారు. చుట్టుపక్కల రైతులు మాత్రం గట్టు మీది తాటిచెట్ల వల్లనే ఈ పురుగు వస్తోందని, వాటిని కొట్టేస్తే తప్ప పోదని అంటున్నారు. మా గట్టు మీద తాతల నాటి తాటిచెట్లు పదకొండు ఉన్నాయి, రెండేళ్ల క్రితం పిడుగు పడి చచ్చిన మరో చెట్టు అక్కడే కూలి ఉంది. చెట్లు కొట్టడానికి మనసు ఒప్పడం లేదు. అనుభవం ఉన్నవారు దారి చూపగలరని కోరుతున్నాను.

ఖానాపూర్ తోట:

మా తోటలో కూడా నిరుడు ఇదే వచ్చింది. ఫోరేట్ గుళికలు పిడికెడు ఇసుకలో కలిపి మొవ్వు చుట్టూ వేయండి, వారం రోజుల్లో వాసనకే పురుగు పారిపోతుంది. మా నాన్నగారు కొబ్బరికి ఎప్పుడూ అదే వేసేవారు.

హనుమకొండ ఉద్యానం:

నెక్కొండ రైతు గారికి నమస్కారం. ముందుగా ఒక మాట. ఫోరేట్ వాడకం మన దేశంలో 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధంలో ఉంది. దుకాణంలో మీకు ఇచ్చిన పొట్లం మీద ఏ పేరు ఉందో చదివి చూడండి, ఆ పేరే ఉంటే వేయకుండా తిరిగి ఇచ్చేయండి. అది మనిషికి, పశువుకు చాలా ప్రమాదకరమైన విషం. మొవ్వు చుట్టూ పని చేసే కూలీలు వట్టి చేతులతోనే మట్టలు పట్టుకుంటారన్న సంగతి మీకు తెలియనిది కాదు.

మీరు చెప్పిన గుర్తులన్నీ కొమ్ము పురుగువే. అయితే మొవ్వులో మీకు దొరికిన పురుగు పుట్టింది ఆ మొవ్వులో కాదు. పెద్ద పురుగు మాత్రమే చెట్టు మీదికి వచ్చి, మొవ్వులోకి తొలుచుకుపోయి రసం పీల్చి, మళ్లీ ఎగిరిపోతుంది. గుడ్లు పెట్టేది, పిల్ల పురుగులు పెరిగేది కుళ్లుతున్న పదార్థంలో. పశువుల పెంట కుప్పలో, పాత గడ్డివాము అడుగున, చచ్చి పుచ్చిన తాటి, కొబ్బరి మోడుల్లో అవి మూడు నుంచి ఐదు నెలల పాటు తిని లావెక్కుతాయి. తెల్లగా, గోధుమరంగు తలతో, కొడవలిలా వంగి ఉండే ఆ పురుగును ఎరువు తోలేటప్పుడు మీరు ఎన్నోసార్లు చూసి ఉంటారు, చూసి కోళ్లకు వేసి ఉంటారు కూడా. రెక్కలు వచ్చిన తరువాత అది మరో నాలుగైదు నెలలు బతుకుతుంది. అందువల్ల ఒక్క కుప్పను వదిలేస్తే మొవ్వుల్లో మీరు ఎన్ని పురుగులు తీసినా కొత్తవి వస్తూనే ఉంటాయి. మీ సమస్యకు మూలం పచ్చగా నిలబడి ఉన్న పదకొండు తాటిచెట్లలో కాకుండా, కూలిపోయి ఉన్న ఆ పన్నెండో చెట్టులో ఉండవచ్చునని నా అనుమానం. వీలైతే రేపే దాన్ని చీల్చి చూడండి, కొట్టం పక్కన పెంట కుప్ప ఉంటే దాన్ని కూడా అడుగు వరకు తిరగేయండి.

ఇక దెబ్బతిన్న మొక్కల విషయం. కొన వంచి కొక్కెంలా చేసిన ఇనుప చువ్వను రంధ్రంలోకి పోనిచ్చి పురుగును గుచ్చి లాగాలి, సైకిల్ చక్రం పుల్ల కూడా ఇందుకు సరిపోతుంది. లాగేటప్పుడు లోపలి లేత మొవ్వును చీల్చకూడదు. పురుగును తీసిన చెట్టుకూ, ఇంకా పురుగు పట్టని చెట్టుకూ మొవ్వు చుట్టూ ఉన్న మట్టల మొదళ్లలో మూడు కలరా ఉండలు పెట్టి పైన సన్నని ఇసుక కప్పండి. 45 రోజులకు ఒకసారి మళ్లీ పెట్టాలి. కలరా ఉండలకు బదులు వేప పిండిని సమానంగా ఇసుక కలిపి వేసే పద్ధతి కూడా ఉంది. ఎదిగిన కొబ్బరి చెట్టుకు 250 గ్రాముల వేప పిండిని ఏడాదికి మూడుసార్లు వేస్తారు, మీ మూడేళ్ల మొక్కకు అంతకంటే తక్కువ సరిపోతుంది. నేనైతే వేప పిండినే ఎంచుకుంటాను. కలరా ఉండలు వానకు, ఎండకు కరిగిపోయిన సంగతిని మనం గమనించేలోపే పురుగు గమనిస్తుంది.

పెద్ద పురుగులను పట్టడానికి లింగాకర్షక బుట్టలు ఉన్నాయి. ఐదు ఎకరాలకు ఒకటి చాలు. మనం ఆ పేరుతో పిలుస్తున్నా, అందులో పెట్టే ఎర మగ పురుగు తన తోటి పురుగులను పిలవడానికి విడిచే వాసన. దానికి ఆడవీ మగవీ రెండూ వస్తాయి, వాటిలోనూ ఆడవే ఎక్కువ. గుడ్లు పెట్టవలసినవే బుట్టలో పడతాయి కనుక మనకు అదే మేలు. బుట్టలో పడిన పురుగును తిప్పి చూడండి. పొట్ట చివర ఎర్రని నూగు దట్టంగా ఉంటే ఆడది, కొమ్ము పొడుగ్గా ఉంటే మగది. బుట్టను తోట నడుమ మొక్కకు ఆనించి కట్టకండి, గట్టు వైపు కర్ర పాతి వేలాడదీయండి. వాసన పట్టి వచ్చిన పురుగులన్నీ బుట్టలోనే పడవు, కొన్ని పక్క మొక్క మీద వాలుతాయి. బుట్ట కొనడం ఇప్పట్లో కుదరకపోతే కిలో ఆముదపు పిండిని ఐదు లీటర్ల నీటిలో నానబెట్టి కుండల్లో పోసి, కుండలను తోటలో అక్కడక్కడ పాతండి. ఇది పాత పద్ధతి, కంపు భరించాలి గాని పురుగులు వచ్చి పడతాయి.

మొవ్వు వాలిపోయిన రెండు మొక్కలను మాత్రం వేరుగా చూడాలి. కొమ్ము పురుగు చేసిన గాయం వాసనకు దానికంటే ప్రమాదకరమైన ఎర్రముక్కు పురుగు వస్తుంది. అది గాయంలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు కాండంలోనే పుట్టి, కాండాన్నే తిని, అక్కడే పీచుతో గూడు అల్లుకుని పెద్దవవుతాయి. బయటికి ఏమీ తెలియదు. తెలిసేసరికి చెట్టు తల కూలుతుంది. కాండం మీద చిన్న రంధ్రాలు, వాటి నుంచి గోధుమరంగు జిగురు కారడం, పులిసిన కంపు ఉన్నాయేమో చూడండి, చెవి ఆనించి లోపల కరకర నములుతున్న చప్పుడు వస్తోందేమో వినండి. అది ఉన్నట్టు తేలితే కింది రంధ్రాలను బంకమట్టితో మూసి, ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందును లీటరు నీటికి 1 మిల్లీలీటరు చొప్పున కలిపి, అన్నింటికంటే పై రంధ్రంలో గరాటుతో పోసి, దాన్ని కూడా మూసేయాలి. పచ్చి మట్టలను కాండానికి ఆనించి నరకడం మానుకోండి, గాయం కాండానికి ఎంత దగ్గరగా ఉంటే పురుగుకు దారి అంత దగ్గరవుతుంది.

గీత వృత్తి ఇంటివాడు:

మాది హసన్‌పర్తి వైపు. మా నాన్నగారు, పెద్దనాన్నగారు మోకు కట్టి చెట్టెక్కినవారే, నేను మాత్రం ఉద్యోగంలో పడ్డాను. తాటిచెట్లను కొట్టాలన్న సలహా చూసి రాయకుండా ఉండలేకపోయాను.

పచ్చని తాటిచెట్టు తలలో కూడా కొమ్ము పురుగు దూరుతుంది, ఎర్రముక్కు పురుగు కూడా దానికి పడుతుంది, అది నిజమే. కానీ మన పొలాల్లో తాళ్లు, ఈతచెట్లు ఆయిల్ పామ్ రాకముందు నుంచీ ఉన్నాయి. వాటికి పట్టిన పురుగు మీ తోటకు వచ్చిందని అనేవారు, వేల ఎకరాల్లో లేత మొవ్వులు ఒకేసారి దొరికితే పురుగు పెరగదా అని కూడా ఆలోచించాలి. నిలబడి ఉన్న తాటిచెట్టును కొట్టాలంటే ఎక్సైజ్ శాఖ అనుమతి తీసుకోవాలన్న విషయం మీ చుట్టుపక్కల వారికి గుర్తు చేయండి.

చచ్చిన చెట్టు సంగతి వేరు. తల పోయి మోడుగా నిలబడిన తాటిచెట్టు లోపలి బెండు వానకు తడిసి పెంట కంటే మెత్తగా తయారవుతుంది. అటువంటి మోడును మా పెద్దలు ఊరికే వదిలేసేవారు కాదు, చీల్చి దూలాలకో దోనెలకో వాడుకునేవారు, పనికిరానిది పొయ్యిలోకి పోయేది. ఇప్పుడు కట్టెల పొయ్యి లేదు, తాటి దూలాల ఇల్లు లేదు, కనుక మోడు గట్టు మీదనే పుచ్చుతోంది.

మరొక విన్నపం. కల్లు గీస్తున్న చెట్టుకు గాని, దాని పక్క చెట్టుకు గాని పురుగు మందు ఏదీ వాడకండి. గీసిన గెల దగ్గర పులిసిన వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, లొట్టిలో పడి తేలడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ బుద్ధిని ఆసరా చేసుకుని బుట్టలో ఎరతో పాటు పులిసిన కల్లు పోసినా పురుగు బాగా పడుతుంది.

నెక్కొండ రైతు:

ముగ్గురికీ ధన్యవాదాలు. పొట్లం మీద పేరు చూశాను, అదే. దుకాణంలో తిరిగి ఇవ్వబోతే పాత సరుకని, వెనక్కి తీసుకునేది లేదని గొడవ పెట్టారు, చివరికి డబ్బులు వదులుకుని పొట్లం అక్కడే పెట్టి వచ్చాను.

ఆదివారం నలుగురం కలిసి కూలిన తాటి మొద్దును గొడ్డళ్లతో చీల్చాము. మొదటి వైపు గట్టిగానే ఉంది గాని, తల వైపు ఆరేడు అడుగుల మేర బెండు నల్లని పొడిగా మారింది. అందులో నుంచి 74 పురుగులు ఏరాము. కొన్ని బొటనవేలంత లావు ఉన్నాయి, ఐదారు అప్పటికే గూడు కట్టుకుని రెక్కలు వస్తున్న దశలో ఉన్నాయి. కొట్టం పక్క పెంట కుప్పలో కూడా ఉన్నాయి గాని అన్ని లేవు. మొద్దు ముక్కలను ఎండబెట్టి కాల్చేశాము. పెంటను కాల్చలేము కదా, అది దసరా తరువాత పొలానికి తోలవలసినది, దానికేం చేయాలి? వాలిన రెండు మొక్కల్లో ఒకదాని నుంచి జిగురు కారుతోంది, మందు పోశాను. ఇంకొక సందేహం. బావి దగ్గర కొబ్బరిచెట్లు రెండు ఉన్నాయి, వాటి ఆకుల అడుగున తెల్లని మైనం చుట్టలు చుట్టలుగా ఉంది, కింది ఆకులు మసి పూసినట్టు నల్లబడ్డాయి. ఇది కూడా ఆ పురుగుల పనేనా? తోటకు పాకుతుందేమోనని భయంగా ఉంది.

హనుమకొండ ఉద్యానం:

ఒక్క మొద్దులో 74 అంటే మీరు వచ్చే ఏడాది బెడదలో పెద్ద భాగాన్ని ఆదివారం ఒక్కరోజులోనే తీసేశారు.

పెంటకు మెటారైజియం అనే పచ్చని బూజు మందు ఉంది. కుప్పను తిరగేసి, తడిపి, ఆ బూజును నీటిలో కలిపి పొరపొరకూ చల్లండి. మోతాదు డబ్బా మీద ఉంటుంది. పురుగుకు బూజు పట్టి గట్టిపడి చనిపోతుంది, ఎరువుకు ఏ నష్టమూ లేదు. ఎండిన పెంటలో అది పని చేయదు కనుక తేమ తప్పనిసరి, తరువాత కుప్పను ఎండకు వదలకుండా గడ్డి కప్పాలి. దానితో పాటు రెండు నెలలకు ఒకసారి కుప్పను తిరగేసి పురుగులను కోళ్లకు వదలడం మీకు తెలిసిన పద్ధతే, దాన్ని మించినది లేదు. రేపు గెలలు కోతకు వచ్చి, మిల్లు నుంచి ఖాళీ గెలలను ఎరువుగా తెచ్చుకున్నప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోండి. వాటిని కుప్ప పోయకుండా పాదుల్లో ఒకే పొరగా పరచాలి, కుప్ప పోస్తే అది మరో తాటి మొద్దు అవుతుంది.

కొబ్బరిది వేరే పురుగు, సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో దీన్ని మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతంలో గుర్తించారు. ఇది ఆయిల్ పామ్, అరటి, జామ మీద కూడా ఉంటుంది. నల్లని మసి జబ్బు కాదు, దోమ విసర్జించే తీపి జిగురు మీద పెరిగే బూజు మాత్రమే. చూడడానికి భయంకరంగా ఉన్నా దీనితో చెట్టు చనిపోదు. దీనికి గట్టి పురుగు మందు కొట్టడమే మీరు చేయగలిగే పెద్ద తప్పు, ఎందుకంటే ఎన్‌కార్సియా అనే కంటికి ఆననంత చిన్న కందిరీగ ఈ దోమ పిల్లల లోపల గుడ్లు పెట్టి వాటిని చంపుతుంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. బావి దగ్గరే కనుక మోటారు నీటిని గొట్టంతో ఆకుల అడుగుకు జోరుగా కొట్టండి. మరీ ఎక్కువగా ఉంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు పొడి కలిపి పిచికారీ చేయండి. మసి పోవడానికి పలుచని గంజి చల్లితే అది ఎండి పెచ్చులుగా రాలిపోతుంది.

మీ తోటలో ఇక పూగుత్తులు వదిలే వయసు వచ్చింది. ఆయిల్ పామ్‌లో మగ పూల నుంచి ఆడ పూలకు పుప్పొడి మోసేది చిన్న ముక్కు పురుగు. ఆఫ్రికాలోని కామెరూన్ నుంచి వచ్చిన ఈ పురుగును 1985లో కేరళకు తెచ్చి వదిలారు, అంతకు ముందు మనుషులే పుప్పొడి చల్లవలసి వచ్చేది. మగ పూగుత్తిని దులిపితే వడ్ల పొట్టులా రాలి నడిచే ఆ చిన్న పురుగులను చూసి తెగులనుకుని మందు కొట్టిన రైతులు ఉన్నారు, ఆ తరువాత గెలలో కాయ నిండలేదని వారే బాధపడ్డారు.

ఖానాపూర్ తోట:

ఫోరేట్ నిషేధమన్న సంగతి నాకు నిజంగా తెలియదు, సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. మా షెడ్డులో ఇంకా అర బస్తా ఉంది, దాన్ని ఎక్కడ అప్పగించాలో మండల వ్యవసాయ అధికారిని అడుగుతాను. మా గట్టు మీద కూడా రెండు తాటి మోడులు ఉన్నాయి. నెక్కొండ రైతు గారూ, మొద్దు చీల్చడానికి గొడ్డలి చాలిందా, రంపపు మిషను తేవలసి వచ్చిందా?

నెక్కొండ రైతు:

పుచ్చిన వైపు గొడ్డలి చాలింది. గట్టి వైపుకు మాత్రం మిషను కావాలి, పురుగు అటు పోలేదు కనుక మేము దాన్ని బావికాడ కూర్చునే దిమ్మెగా వేసుకున్నాము.