మా గల్లీ పాత బార్ అండ్ రెస్టారెంట్ ఎత్తెయ్యాలా, ఉండనియ్యాలా?

లాలాగూడ_పిల్లగాడు:

సికింద్రాబాద్‌ల మెట్టుగూడ దాటి లాలాగూడ దిక్కు వస్తుంటే మా గల్లీ మొదట్లనే ఒక పాత బార్ అండ్ రెస్టారెంట్ ఉంటది, పేరు రాస్తలేను, ఆ దిక్కు తిరిగేటోళ్లకు ఎట్లాగూ తెలుసు. నాకిప్పుడు 44 ఏండ్లు, నేను పుట్టకముందుకెల్లి ఉన్నది అది. దాని ఎదురుంగ కొత్తగ లేసిన అపార్ట్‌మెంటోళ్లు ఎక్సైజ్ ఆఫీసుల ఇయ్యనీకి సంతకాలు జమ చేస్తున్రు, బార్ ఈడికెల్లి ఎత్తెయ్యాలని. మొన్న ఆదివారం మా ఇంటికి గూడ వచ్చిన్రు, నేను పెట్టలే. ఎందుకు పెట్టవు బాబూ అని అడిగిన పెద్దాయనకు గడపల నిలవడి నాలుగు ముక్కల్ల చెప్పరాలే, అందుకే ఇక్కడ రాస్తున్న, మీరేమంటరో చెప్పుర్రి.

మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌ల ఫిట్టర్. జీతం వచ్చిన నాడు నలుగురు దోస్తులు సైకిళ్లు గోడకు ఆనిచ్చి లోపలికి పోతుండె. సన్‌మైకా టేబుళ్లు, గోడ ఫ్యాన్లు, అడగకముందే వచ్చే గుడాల ప్లేటు, మీద సన్నగ కోసిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ చెక్క. నాయిన లెక్క ఎన్నడు తప్పలే, ఒక్క క్వార్టర్, మూడు పెగ్గులు చేస్కొని సోడాతోని, ఆఖరికి ఎగ్ బుర్జీ, రెండు పుల్కాలు, ఇంటికొచ్చేటప్పుడు మా కోసం చికెన్ 65 పార్సిల్. నూనె అంటిన ఆ పేపర్ పొట్లం కోసం మేం ముగ్గురం నిద్ర ఆపుకొని కూసుండేటోళ్లం. 2016ల నాయిన పోయిండు. దినం నాడు ఆ బార్ల సర్వర్ మామ వచ్చి మూలకు కూసొని తిని పోయిండు. ఆయనకు ఎవ్వరు చెప్పలే, నెల మొదట్ల మనిషి రాకపోయేసరికి తనే అర్సుకున్నడట. మా చుట్టాలల్ల కొందరు రాలే, ఆయన వచ్చిండు.

ఇప్పుడు నేను నెలకోసారి పోత, ఒక్కన్నే. ఎంతసేపు కూసున్నా ఎవ్వరు లేపరు. జూబ్లీహిల్స్ పబ్బుకు ఒక్కన్నే పోతే స్టాగ్ ఎంట్రీ లేదు, ఒంటరి మగోన్ని రానియ్యం అంటరు, లోపలికి పోయినా పాట మోతకు పక్కోని మాట వినవడది. ఇగ వైన్స్‌ల కొన్నది ఆడనే తాగే పర్మిట్ రూముల ప్లాస్టిక్ గ్లాసు, వాటర్ ప్యాకెట్, మోరీ వాసన, గటగట తాగుడు బండెక్కుడు. కూసొని తినుకుంట, మాట్లాడుకుంట, మెల్లగ తాగి లేచి నడుసుకుంట ఇంటికి పోయే జాగ మా దిక్కు ఇదొక్కటే మిగిలింది. ఇది ఎత్తేస్తే తాగుడు ఆగదు, కూసునుడు ఆగిపోతది.

తార్నాక_అమ్మ:

నాది వేరే అపార్ట్‌మెంట్, వేరే బార్, కానీ ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టినదాన్నే. మా పాప ఎనిమిదిన్నరకి ట్యూషన్ నుంచి వస్తుంది. బార్ ముందు ఫుట్‌పాత్ మొత్తం బైకులే, పిల్ల రోడ్డు మీదకి దిగి నడవాలి, అక్కడ ఇద్దరు ముగ్గురు సిగరెట్ పట్టుకొని నిలబడి ఉంటారు, ఏమీ అనరు, నిజమే, కానీ ఆ చూపు చాలండి. పొద్దున్నే వాకిలి ఊడ్చే ఆవిడ రోజూ సీసా పెంకులు ఏరుతుంది. మీ నాన్నగారి గురించి చదివితే నాకూ గొంతు పట్టేసింది, అబద్ధం చెప్పను. కానీ ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అన్నేళ్లలో మీ అమ్మగారు ఎప్పుడైనా ఆ తలుపు దాటి లోపలికి వెళ్లారా? మా గల్లీ బార్ అని అంత ప్రేమగా రాశారు కదా, ఆ గల్లీలో సగం మంది ఆడవాళ్లే.

ముషీరాబాద్_సర్వర్:

అక్కా నమస్తే. నేను ముషీరాబాద్ దిక్కు ఒక బార్ల సర్వర్‌ని. 1993ల పదహారేండ్లప్పుడు దేవరకొండ దిక్కుకెల్లి వచ్చిన, ముందుగాల గిన్నెలు కడిగిన, తర్వాత టేబుళ్లు తుడిచిన, తర్వాత ట్రే పట్టిన. సీసా పెంకులు అన్నరు గదా, మా బార్ల సీసా బయటికి పోదక్కా. మేం పెగ్గు కొలిచి గ్లాసుల పోస్తం, ఖాళీ సీసాలు వెనక బస్తాలల్ల కట్టి అమ్ముతం. రోడ్డు మీద పగిలేది వైన్స్‌ల కొన్న సీసా. మీ బార్ పక్కన వైన్స్ ఉందా ఒక్కసారి చూడుర్రి. బైకుల మాట మాత్రం మీరు చెప్పింది వంద శాతం నిజం, అది సేట్ల తప్పు, కస్టమర్‌ని ఒక మాట అనాలంటే భయపడతరు.

1995 జనవరి 16న నిషేధం వచ్చింది, సరుకంత పోయింది. సేటు మమ్ముల ఊర్లకు పంపలే, బోర్డు మీద బార్ అన్న మాటకు సున్నం కొట్టిచ్చి రెండేండ్లు మీల్స్ హోటల్ లెక్క నడిపిచ్చిండు. ఇగ ఎవడొస్తడు అనుకున్న నేను. వచ్చిన్రక్కా. సాయంత్రం అదే టైంకు, అదే మూల టేబుల్‌కు, అదే మనుషులు, సోడా తాగుకుంట గుడాలు తినుకుంట. 95 ఆగస్టుల ఎన్టీఆర్‌ని గద్దె దించిన దినాలల్ల మా కాడ కుర్చీలు సాలకపోతుండె, ఒక్క చుక్క మందు లేదు లోపల, అయినా రాత్రి షట్టర్ సగం గుంజినదాక లేవకపోతుండె ఎవ్వరు. 1997ల మళ్ల మందు వచ్చింది, అప్పుడు గూడ ఇద్దరు ముగ్గురు సోడానే తాగి పోయేటోళ్లు.

పని గురించి ఒక మాట. మూడో పెగ్గు అడిగినోని కండ్లు చూడం మేం, చెయ్యి చూస్తం. కండ్లు ఆ టైంకు అందరియి ఎర్రగనే ఉంటయి. ఉప్పు డబ్బా ఎత్తి మళ్ల పెట్టేటప్పుడు చెయ్యి తడవడ్తే, అన్నా ముందుగాల అన్నం తిను, తర్వాత చూద్దాం అని ప్లేటు పెడ్తం. తిన్నంక సగం మంది ఇగ అడగరు. అప్పట్ల గల్లా కాడ ఒక నోట్‌బుక్ ఉండె, అండ్ల పది పన్నెండు ఇండ్ల ల్యాండ్‌లైన్ నంబర్లు, లేట్ అయితే ఇంటికి ఫోన్ చేసి ఈడనే ఉన్నడమ్మా, ఆటోల పంపిస్తున్నం అని చెప్పేది. 21 నిండని పోరగాళ్లు వస్తే కార్డు అడిగి తోలిస్తం. వైన్స్ కిటికీ కాడ పైసలు పట్టుకున్న చెయ్యి కనవడ్తది, మనిషి కనవడడు.

2020 మార్చిల మూసినం. వైన్సులు మే 6నే తెరిచిన్రు, బార్లను సెప్టెంబర్ ఆఖరిదాక తెరవనియ్యలే. ఆర్నెల్లు కూరగాయల బండి పెట్టుకొని బతికిన. తెరిచిన నాడు మొదట వచ్చిన ముసలాయన మందు అడగలే, కిటికీ పక్క టేబులాయన వచ్చిండా, ఆయన ఉన్నడా అని అడిగిండు.

బెజవాడ_కాలవగట్టు:

సర్వర్ అన్న చెప్పిన కూర్చునే మాటకి మా అనుభవం కూడా వినండి. ఆంధ్రాలో 2019 అక్టోబర్ 1 నుంచి షాపులన్నీ గవర్నమెంట్ తీసుకుంది, పర్మిట్ రూములు ఎత్తేసింది. మంచిదే అనుకున్నాం. నాలుగు రోజుల్లో మా కాలవగట్టు మీద సాయంత్రం వాకింగ్‌కి వెళ్లలేని పరిస్థితి, చెట్టుకో జట్టు, చీకట్లో గ్లాసులు, మెట్ల మీద పెంకులు. బట్టలుతికే వాళ్ల కాళ్లు తెగాయి. తాగేవాడిని ఒక చోట కూర్చోనివ్వకపోతే ఊరంతా కూర్చుంటాడు.

కావలి_అబ్బాయి:

అందరూ బాగా రాశారు గానీ నేను ఒప్పుకోను. మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలం, దూబగుంటకి దగ్గర పల్లె. వారుణి వాహిని అని పేరు పెట్టి గవర్నమెంటే ఊళ్లకి పంపిన సారా ప్యాకెట్లకే మా నాయన కూలి డబ్బులన్నీ పోయేవి. 1992లో దూబగుంట ఆడోళ్లు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటా ఉండినోళ్లు, రోశమ్మ గారు ముందు నిలబడి సారా కొట్టు మూయించారు, ఆ కబురు చుట్టుపక్కల ఊళ్లకి పాకింది. మా అమ్మ చీపురు, కారం మూట పట్టుకోని పోయి మా ఊరి కొట్టు ముందర కూర్చునింది, నన్ను ఒళ్లో పెట్టుకోని. నాకు నాలుగేళ్లు. ఆ కారం ఘాటుకి నేను తుమ్ముతా ఉంటే అమ్మ కొంగుతో నా ముక్కు మూసింది, అదొక్కటే గుర్తు. 1993 అక్టోబర్ 1న సారా పోయింది, 95లో మొత్తం మందే పోయింది, 97లో ఖజానా లెక్కలు చూపించి మళ్లీ తెచ్చేశారు.

సర్వర్ అన్నా, మీరు మంచోళ్లు, అన్నం తినిపించి పంపినారు. కానీ ఆ బిల్లు డబ్బులు కూడా ఇంటికి పోవాల్సినవే గదా. కూర్చుని తాగితే మర్యాద, నిలబడి తాగితే తప్పు అనేది తాగేవోడి లెక్క. ఇంట్లో కాచుకోని ఉండేవాళ్లకి రెండూ ఒకటే.

వియన్నా_శ్రీ:

నేను ఏడేళ్లుగా వియన్నాలో ఉంటున్నాను. ఇక్కడ హోయ్‌రిగర్ అని ఉంటాయి, ద్రాక్షతోట రైతు తన వైన్ తనే తన పెరట్లో బల్లలేసి అమ్ముకునే చోటు. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి ఇచ్చిన అనుమతితో మొదలైంది, ఇప్పటికీ ఊరి అంచున నడుస్తూనే ఉన్నాయి. గుమ్మానికి పైన్ కొమ్మల కట్ట వేలాడితే తెరిచి ఉన్నట్టు. 38 నంబర్ ట్రామ్ ఎక్కితే ఆఖరి స్టాప్ గ్రింజింగ్, దిగితే వరసగా అవే. పావు లీటర్ గ్లాసు, కావాలంటే సోడా కలుపుతారు, రొట్టె, దాని మీదకి మిరపపొడి కలిపిన ఎర్రటి చీజ్ ముద్ద. నేను మొదటిసారి వెళ్లినప్పుడు పక్క బల్ల దగ్గర ఒక అమ్మమ్మ, కూతురు, మనవడు, వాడి ముందు ద్రాక్షరసం. ఆవిడ వాడికి ఆ చీజ్ రొట్టె మీద అంచుల దాకా రాసి ఇస్తోంది, మన అమ్మమ్మలు ఆవకాయ అన్నం కలిపి పెట్టినట్టు. తాగుడుతో పాడైన ఇళ్లు ఇక్కడా ఉన్నాయి, కావలి అబ్బాయి గారి మాట నేను కొట్టిపారేయట్లేదు. కానీ తార్నాక అమ్మ గారు అడిగిన ప్రశ్న చదవగానే ఆ బల్ల గుర్తొచ్చింది. ఇంట్లో ఎవరినీ వదిలేసి రానక్కర్లేని చోటు కాబట్టే అన్నేళ్లు నిలిచిందేమో అనిపిస్తుంది.

తార్నాక_అమ్మ:

సర్వర్ గారూ, మీరన్నట్టే నిన్న పొద్దున్నే వెళ్లి చూశాను. బార్‌కి నాలుగు షాపుల అవతల వైన్స్ ఉంది, పెంకులన్నీ అక్కడి నుంచి మా గేటు దాకా ఉన్నాయి, బార్ ముందు లేవు. ఇది నేను సంతకం పెట్టకముందే చూసుండాల్సింది. పర్మిట్ రూమ్ మీద వేరే కాగితం పెడదామని అసోసియేషన్ గ్రూపులో రాశాను, ఇద్దరు సరే అన్నారు, మిగతావాళ్లు రెండూ ఒకటేగా అన్నారు. బైకుల సంగతి తేలేదాకా నా సంతకం మాత్రం వెనక్కి తీసుకోను.

లాలాగూడ_పిల్లగాడు:

అక్కా, మీ ప్రశ్న రెండు దినాలు నా తలకాయల తిరిగింది. నిన్న రాత్రి అమ్మనే అడిగిన. చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంట చెప్పింది, ఒక్కసారి గూడ పోలేదట. నాయిన ఆడికి పోయిన నాడు ఆమెకు బుగులు లేకుండె, ఏడున్నడో తెల్సు, తొమ్మిదిన్నరకు వస్తడని తెల్సు, వేరే దోస్తులతోని మౌలాలి దిక్కు పోయిన నాడే నిద్ర పట్టకపోతుండెనట. కొంచెం సేపు ఆగి, ఆ చికెన్ ఎన్నడు సల్లగనే తిన్న, వేడిది ఎట్లుంటదో అన్నది. అంతే, మళ్ల ఈనెలు తీసుకుంట కూసున్నది. మేం ముగ్గురం తిన్నంక మిగిలిన ముక్కలు ఆమె తినేదని నాకు యాదికే లేదు, ఆ పొట్లం సంబురం రాసిన గానీ ఆమె మాట ఒక్కటి రాయలే.

కావలి తమ్మీ, నువ్వు చెప్పిందానికి నా కాడ జవాబు లేదు. మా నాయిన లెక్క తప్పని మనిషి, లెక్క తప్పినోళ్ల ఇండ్లల్ల నేను బతకలే. అయినా నేను సంతకం పెట్టను, ఆ జాగ పోతే మా గల్లీల ఒక ముసలాయన మూడు రోజులు కనవడకపోతే అడిగేటోడు ఉండడు.

ఇయ్యాల పొద్దుగాల సేటు కాడికి పోయిన. పైన ఒకప్పుడు ఫ్యామిలీ సెక్షన్ ఉండె, ఇప్పుడు అండ్ల కూల్‌డ్రింక్ క్రేట్లు, ఇరిగిన కుర్చీలు. బయట బండ్లకు తాడు కట్టి ఒక మనిషిని నిలవెట్టుర్రి, ఆదివారం పగటిపూట పైన మందు లేకుండ అన్నం టేబుళ్లు ఎయ్యుర్రి అన్న. బండ్ల సంగతి ఒప్పుకున్నడు. పైది గిట్టుబాటు కాదన్నడు, గానీ ఈ ఆదివారానికి ఒక్క టేబుల్ కడిగిచ్చి పెడ్త, మీ అమ్మను తీస్కరా అన్నడు. సర్వర్ మామ పక్కనే నిలవడి విన్నడు, చికెన్ 65 పొయ్యి మీదికెల్లి సీదా నేనే తెస్త అన్నడు.

కావలి_అబ్బాయి:

అన్నా, నేను బార్లకి వ్యతిరేకమే, రేపైనా అదే మాట చెప్తాను. ఆదివారం అమ్మగారు ఏమన్నారో మాత్రం రాయండి.